ఉమ్మెత్త కషాయం తాగిన ఉబ్బసం రోగి: ఒక కేస్ స్టడీ

రోగి వయసు 61. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు పల్లె. ఐదెకరాల మెట్ట, శెనక్కాయ పంట. ముప్పై ఏళ్ళు బీడీ తాగి, నాలుగేళ్ళ కింద మానేశాడు. బీపీ, షుగర్ లేవు. సారాయి అలవాటు లేదని భార్యా కొడుకూ విడివిడిగా అడిగితే ఒకే మాట చెప్పారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఆ ప్రశ్న అడిగితే నిజం బయటికి రాదు. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, వైద్యానికి పనికొచ్చేవి మార్చలేదు.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు తెచ్చారు. కంప్లైంట్‌ను కొడుకు మాటల్లోనే రాసుకున్నాం: "పొద్దున్నించీ ఎవురితోనో మాట్లాడతాండాడు సార్. మా జేజినాయన పోయి పన్నెండేండ్లయింది, ఆయప్పతో చేను గట్టు పంచాయితీ పెట్టుకోనుండాడు. మమ్మల్ని గుర్తు పట్టల్యా."

అది శెనక్కాయ చెట్టు పీకి, వామి వేసి, మిషన్‌కు పట్టే కాలం. ఆ దుమ్ముకు జిల్లాలో సగం ఉబ్బసాలు లేస్తాయి. ఈయనకూ పది రోజులుగా ఆయాసం, రాత్రిళ్ళు పిల్లికూతలు. ఆ రోజు పొద్దున ఏడున్నరకు నోరు ఎండిపోతోందన్నాడు. ఎనిమిదికి కళ్ళు మసక అన్నాడు, లేచి నాలుగడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. తొమ్మిది దాటాక మాటలు మొదలయ్యాయి. గాలి సోకిందని ఊళ్ళో ఒకాయన చేత అంత్రం కట్టించారు. అక్కణ్ణుంచి దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకుపోతే, మనిషి నిలవట్లేదని నిద్రకు ఇంజెక్షన్ వేశారు. చీటీలో ప్రోమెథజీన్ 50 మి.గ్రా. అని ఉంది. దాని తర్వాత తగ్గకపోగా ఎక్కువైంది. ఇక్కడికి తెచ్చారు.

చూసినప్పుడు

మంచం మీద కూర్చోబెడితే చేతులు దుప్పటి మీద ఆడుతూనే ఉన్నాయి. ఎడమ చేత్తో కనబడని చెట్టును పట్టుకుని, కుడి చేతి వేళ్ళతో కాయలు తెంచి, పక్కన లేని గంపలో వేస్తున్నాడు. మధ్య మధ్య తాలు కాయ తగిలిందేమో, విదిలించి అవతల పారేస్తున్నాడు. పేరు పెట్టి పిలిస్తే ఒక్క క్షణం తిరిగి చూసి మళ్ళీ పనిలో పడుతున్నాడు. మాట ముద్దముద్దగా ఉంది, నాలుక అంగిటికి అంటుకుపోతోంది.

నాడి నిమిషానికి 138. బీపీ 150/90. టెంపరేచర్ 101.8. ఆక్సిజన్ 97 శాతం, గాలి మీదే. వేలి షుగర్ 142. ముఖం ఎర్రగా కందింది. కంటిపాపలు రెండూ పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి, టార్చ్ వేస్తే కదలిక లేదు. మెడ బిగుసుకోలేదు. చేతులూ కాళ్ళూ నాలుగూ బాగానే ఆడుతున్నాయి. ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే శుభ్రంగా ఉంది, ఒక్క కూత లేదు. పది రోజుల నుంచి పిల్లికూతలంటున్న మనిషికి ఛాతీ ఇంత నిర్మలంగా ఉండటం అప్పుడే నాకు తేడాగా అనిపించింది.

పొత్తికడుపు బొడ్డు దాకా గట్టిగా ఉబ్బి ఉంది, తడితే మొద్దుగా మోగింది. పొద్దుటి నుంచి మూత్రం పోలేదని భార్య చెప్పింది. పొట్ట మీద రెండు నిమిషాలు స్టెతస్కోపు ఆనించి విన్నా పేగుల చప్పుడు లేదు.

పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్న మనిషి వస్తే నేను తొందరగా చెయ్యి పెట్టి చూసేది చంకలో. ఈయన చంకలు పొడిగా, వేడిగా ఉన్నాయి. అంత జ్వరంతో, అంత పెనుగులాటతో ఉన్న మనిషికి చొక్కా తడిసి ముద్ద కావాలి.

ఏమై ఉండొచ్చు

జ్వరం, మతి తప్పడం అనగానే మెదడు వాపు, మెదడుకెక్కిన మలేరియా గుర్తొస్తాయి. మలేరియా, డెంగీ పరీక్షలు పంపాం, రెండూ లేవని వచ్చాయి. తలకు సీటీ తీయించాం, బాగుంది. వెన్నులో నీళ్ళు తీయడానికి సిద్ధపడ్డాం కానీ ఆ లోపే కథ మారింది. వడదెబ్బ అనుకుందామంటే ఆ రోజు అంత ఎండ లేదు, మనిషి ఇల్లు కదల్లేదు. సారాయి ఆపేసినవాడికి వచ్చే డెలీరియం అనే మతిభ్రమ కూడా ఇలాగే చేతులాడిస్తుంది, లేనివి చూపిస్తుంది, కంటిపాపలు కూడా పెద్దవవుతాయి. అయితే వాడి ఒళ్ళు చెమటతో కారిపోతుంది, చేతులు వణుకుతాయి. పొడి చంక ఒక్కటే ఆ అనుమానాన్ని పక్కన పెట్టేస్తుంది.

రోగం పట్టింది మాత్రం నేను కాదు, మా సీనియర్ సిస్టర్. ఐవీ పెడుతూ కళ్ళు చూసి, పొట్ట చూసి, నావైపు తిరిగి అడిగింది: "సార్, ఈయప్పకు యాడన్నా అట్రోపిన్ ఎక్కిచ్చినారా?"

ఈ ప్రశ్న వెనక మన జిల్లాల చరిత్ర ఉంది. అనంతపురం, కర్నూలు క్యాజువాలిటీల్లో పనిచేసిన ఏ సిస్టర్‌కైనా అట్రోపిన్ ఎలా పనిచేస్తుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు తాగినవాడు నోట్లో చొంగ, ఒంటినిండా చెమట, సూదిమొనంత కంటిపాపలు, ఛాతీలో గురగురతో వస్తాడు. వాడికి 0.6 మి.గ్రా. అట్రోపిన్ ఆంపూళ్ళు పగలగొట్టి మూడు నుంచి ఐదు దాకా ఒకేసారి ఎక్కిస్తాం. ఐదేసి నిమిషాలకు చూసుకుంటూ, చాలకపోతే మోతాదు రెట్టింపు చేస్తూ పోతాం. ఛాతీ శుభ్రపడాలి, చంకలు ఆరాలి, నాడి 80 దాటాలి, బీపీ నిలబడాలి. అక్కడ ఆగకుండా ఇంకా పోతే మూడు గుర్తులు కనపడతాయి: మతి తప్పడం, ఒళ్ళు కాలడం, పేగుల చప్పుడు ఆగిపోవడం. ఆ మూడూ కలిసి వస్తే డ్రిప్ ఆపమని రాత్రి డ్యూటీ పిల్లలకు కూడా తెలుసు. ఈ రోగి ఆ మూడింటితోనూ వచ్చాడు. ఒక్క ఆంపూలు కూడా ఎవరూ ఎక్కించలేదు.

అంటే అట్రోపిన్ లాంటిదేదో నోటి ద్వారా పోయింది. అలాంటి మందులు కొన్ని ఉన్నాయి. అలర్జీ బిళ్ళలు, పాతకాలపు డిప్రెషన్ బిళ్ళలు, వణుకుడు రోగానికిచ్చే ట్రైహెక్సిఫెనిడిల్. ఇంట్లో ఏ బిళ్ళలూ లేవన్నారు. మిగిలింది చెట్టు.

భార్యను పక్కకు పిలిచి, మందుల ఊసెత్తకుండా అడిగాను. పొద్దున లేచినకాడి నుంచి నోట్లోకి ఏమేం పోయినాయో వరసగా చెప్పమ్మా అన్నాను.

"ముఖం కడుక్కున్నాడు. కషాయం తాగినాడు. నోరు ఎండుకపోతాందని రెండు చెంబుల నీళ్ళు తాగినాడు. టీ ఇస్తే వద్దన్నాడు."

"ఏం కషాయం?"

ఆమె కొడుకు వైపు చూసింది. "ఆకు కషాయం సార్. ఆయాసానికి."

"ఏం ఆకమ్మా?"

"ఉమ్మెత్తాకు."

గుప్పెడు పచ్చి ఆకులు, రెండు గ్లాసుల నీళ్ళు, ఒక గ్లాసయ్యేదాకా మరగకాచి, పరగడుపున. అంతకుముందు రోజు పావు గ్లాసు ఇస్తే రాత్రి ఆయాసం తగ్గి బాగా నిద్రపోయాడట. అందుకని ఆ పొద్దున గ్లాసు నిండా ఇచ్చింది. ఆమె మామకూ ఉబ్బసమే. ఆయన ఎండిన ఉమ్మెత్తాకు చుట్టలో పెట్టి పొగ పీల్చేవాడు. మరి మీరు కషాయం ఎందుకు కాచారని అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకు గుర్తుండిపోయింది. "పొగ తాగితే ఊపిరితిత్తులు పోతాయని మీ డాక్టర్లే చెప్పినారు గదా సార్. అందుకే కాచి ఇచ్చినా."

కొడుకు ఊరికి ఫోన్ చేస్తే సాయంత్రానికి పొయ్యి దగ్గరున్న పిప్పితో పాటు దిబ్బ పక్కనున్న చెట్టు కొమ్మ కూడా వచ్చింది. ఆకు అరచేయంత, అంచు అలల్లాగా, కాడ దగ్గర రెండు పక్కలూ సమానంగా లేకుండా ఒకటి పైకీ ఒకటి కిందికీ అతికి ఉంది. నలిపితే వెగటు వాసన. కాయ గుండ్రంగా, మొండి ముళ్ళతో, తల వంచుకుని ఉంది. తెల్ల ఉమ్మెత్త, డాటురా మెటెల్. వంకాయ, టమాట, మిరప, ఉర్లగడ్డ ఉన్న కుటుంబమే దీనిదీ.

ఏం చేశాం

ముందు క్యాథెటర్. 1,100 మి.లీ. మూత్రం వచ్చింది. సంచి ఖాళీ అయిన పావుగంటకు పెనుగులాట సగం తగ్గింది. మత్తు మందుకు ముందు పొత్తికడుపు చూడమని నేను జూనియర్లకు పదే పదే చెప్పేది ఇందుకే. మాట చెప్పలేని మనిషి మూత్రం బాధతో కొట్టుకుంటుంటే మనం పిచ్చి ముదిరిందనుకుంటాం.

తర్వాత మత్తు మందు లోరజెపామ్ 2 మి.గ్రా. నెమ్మదిగా నరానికి, గంటన్నర తర్వాత ఇంకోసారి. ప్రోమెథజీన్ వంటివి ఇలాంటి రోగికి అసలు ఇవ్వకూడదు. ఆ మందుకూ ఉమ్మెత్త గుణమే ఉంది, అగ్నిలో ఆజ్యం పోసినట్టే. మొదటి క్లినిక్‌లో కషాయం సంగతి ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

సరైన విరుగుడు ఫైసోస్టిగ్మిన్. ఆఫ్రికాలో పెరిగే కాలబార్ చిక్కుడు గింజ నుంచి వచ్చిన మందు. 1 నుంచి 2 మి.గ్రా. ఐదు నిమిషాలకు తగ్గకుండా మెల్లగా ఎక్కిస్తే మతి చూస్తుండగా తిరిగొస్తుంది. మన దగ్గర దొరకడం అరుదు, ఆ రోజు మాకు దొరకలేదు. ఆపరేషన్ థియేటర్‌లో నియోస్టిగ్మిన్ ఉంది కదా, అదిద్దామా అని ఒక హౌస్ సర్జన్ అడిగాడు. మంచి ప్రశ్న. నియోస్టిగ్మిన్ మెదడులోకి దూరలేదు. పేగుల్నీ మూత్రసంచినీ కదిలిస్తుంది గానీ డెలీరియాన్ని ముట్టుకోదు.

కడుపులో విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి ఇవ్వలేదు. కషాయం తాగి ఏడు గంటలు దాటింది. ఉమ్మెత్త పేగుల్ని నిద్రపుచ్చుతుంది కాబట్టి ఇంకా కొంత లోపల ఉండొచ్చనే వాదన ఉంది. కానీ మతి లేని మనిషి గొంతులోకి గొట్టం దించి బొగ్గు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ. ఆ బేరం నాకు నచ్చలేదు.

జ్వరానికి పారాసిటమాల్ వల్ల ఉపయోగం లేదు. ఇది చెమట గ్రంథులు మూతపడి ఒళ్ళు వేడెక్కడం. తడిగుడ్డ, ఫ్యాను, సెలైన్. ఈసీజీలో గుండె వేగమే తప్ప వేరే తేడా లేదు. కండరాలు చిట్లుతున్నాయేమోనని రక్తంలో సీకే చూస్తే 640, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 1.4. చేతులూ కాళ్ళూ మంచానికి కట్టలేదు. కడితే ఇంకా పెనుగులాడి ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది, సీకే పెరుగుతుంది. గదిలో చిన్న లైటు ఉంచి భార్యను పక్కన కూర్చోబెట్టాం. పూర్తి చీకటి చేస్తే లేనివి ఎక్కువగా కనిపిస్తాయి.

విషం కేసు కాబట్టి ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) కాగితం రాసి పోలీసులకు కబురు పంపాల్సి వచ్చింది. ఆ కాగితం చూసి భార్య వణికిపోయింది. మొగుడికి విషం పెట్టిందని తనను పట్టుకుపోతారనుకుంది. ఆమెతో పది నిమిషాలు కూర్చుని, జరిగింది జరిగినట్టు రాస్తామని చెప్పాను. ఈ భయమే చాలా ఇళ్ళల్లో కషాయం మాట బయటికి రానివ్వదు. వచ్చీ రాగానే "ఏం పెట్టినారు?" అని గద్దించే డాక్టర్‌కు "ఏమీ పెట్టల్యా" అనే జవాబే వస్తుంది. తర్వాత సీటీలు, వెన్నునీళ్ళు, రెండు రోజుల అయోమయం.

మర్నాడు తెల్లవారుజామున భార్యను గుర్తుపట్టి, మిషన్ వచ్చిందా, కాయ ఎన్ని మూటలయిందని అడిగాడు. ముందు రోజు జరిగిందేదీ జ్ఞాపకం లేదు. మధ్యాహ్నానికి పేగుల చప్పుడు వచ్చింది, నాడి వందలోపుకు దిగింది. కంటిపాపలు మాత్రం తొందరగా లొంగలేదు. నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు కూడా పెద్దవిగానే ఉన్నాయి, సెల్‌లో నంబర్లు కనిపించట్లేదన్నాడు. ఎండలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమన్నాం. కంటి డాక్టర్ చేత నీటికాసుల పరీక్ష చేయించాం, ప్రెషర్ బాగుంది. మూడో రోజు క్యాథెటర్ తీసేశాం. స్కానింగ్‌లో ప్రోస్టేట్ కొంచెం పెరిగి ఉంది, మూత్రం అంత గట్టిగా బిగియడానికి అదీ ఒక కారణం. క్రియాటినిన్ 1.0కి దిగింది.

ఉమ్మెత్తకు ఉబ్బసం తగ్గించే గుణం ఉందా

ఉంది. ఆ మాట ఒప్పుకోకుండా రోగికి నచ్చజెప్పబోతే మనమే అబద్ధాలాడినట్టవుతుంది. ఆ రోజు ఆయన ఛాతీలో కూతలు లేకపోవడం ఉమ్మెత్త చేసిన పనే.

ఆకులో, పువ్వులో, గింజలో హయోసీన్, హయోసయమిన్, అట్రోపిన్ అనే ఆల్కలాయిడ్లు ఉంటాయి. ఇవి ఎసిటైల్‌కోలిన్ అనే, నరాల ఆజ్ఞలు మోసే పదార్థం పని చేసే చోట అడ్డం కూర్చుంటాయి. ఊపిరి గొట్టాలు బిగుసుకోమని వచ్చే ఆజ్ఞ అక్కడ ఆగిపోతుంది, గొట్టాలు విచ్చుకుంటాయి. లాలాజలం, చెమట, పేగుల కదలిక, మూత్రసంచి, కంటిపాప, మెదడులో జ్ఞాపకం అన్నీ అదే ఆజ్ఞ మీద నడుస్తాయి. నోటితో మింగితే ఉబ్బసానికి ఒకచోటా మిగతాదానికి ఇంకోచోటా పనిచేయదు.

1800 ప్రాంతంలో మద్రాసులో ఉన్న ఇంగ్లీషు డాక్టర్లు, ఇక్కడివాళ్ళు ఉమ్మెత్తను ఎండబెట్టి పొగ పీల్చి ఉబ్బసం తగ్గించుకోవడం చూసి 1802లో ఆ సంగతి బ్రిటన్‌కు చేరవేశారు. తర్వాత వందేళ్ళకు పైగా అక్కడ ఉమ్మెత్త జాతి ఆకుతో చేసిన ఆస్తమా సిగరెట్లు మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. ఇవాళ ఆయాసంతో ఏ ఆసుపత్రికి పోయినా మూతికి మాస్కు పెట్టి పట్టే డ్యూయోలిన్‌లో ఇప్రట్రోపియం ఉంది. అది అట్రోపిన్ నుంచి తయారైనదే. అణువును మార్చి, ఊపిరి గొట్టం గోడ దాటి రక్తంలోకి ఎక్కువగా పోకుండా, మెదడులోకి దూరకుండా చేశారు. ఉమ్మెత్త గుణంలో మనకు కావలసినంత వరకే తీసుకోవడం అంటే అదీ. ఈయనకు రెండేళ్ళ కింద ఒక ఆసుపత్రిలో అదే మందు మాస్కులో పట్టారు, హాయిగా ఊపిరాడిందని ఆయనే చెప్పాడు.

మామ చుట్టలో తాగితే ఏమీ కాని ఆకు కోడలు కాచి ఇస్తే ఎందుకు కొంప ముంచింది? పొగ పీల్చేవాడు రెండు దమ్ములకు నోరు ఎండితే, ఊపిరాడితే, చుట్ట ఆర్పేస్తాడు. మోతాదు వాడి చేతిలో ఉంటుంది. కషాయం గ్లాసు మొత్తం ఒక్క గుక్కలో లోపలికి పోతుంది, పని మొదలయ్యేసరికి అరగంట పడుతుంది, అప్పుడు ఆపడానికి ఏమీ ఉండదు. మరిగిస్తే విషం చచ్చిపోతుందన్నది ఊళ్ళో గట్టి నమ్మకం. ఈ ఆల్కలాయిడ్లు ఆ వేడికి పోవు, చక్కగా నీళ్ళలోకి దిగుతాయి. పైగా ఒకే దిబ్బ మీద రెండు చెట్లుంటే రెండింట్లో విషం ఒక్క తీరుగా ఉండదు. చెట్టు వయసు, కాలం, నేల తడి, ఏ భాగం అన్నదాన్ని బట్టి మారిపోతుంది. నిన్న పావు గ్లాసు మేలు చేసిందంటే ఇవాళ పావు గ్లాసు కూడా చేస్తుందని చెప్పలేం. పొగ మంచిదనడం లేదు. దాని బదులు కషాయమన్న తర్కం ఎక్కడ తప్పిందో చెప్తున్నాను.

మన ఆయుర్వేదం ఈ చెట్టును ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు. ధత్తూరాన్ని ఉపవిషాల్లో చేర్చారు. గింజల్ని గోమూత్రంలో నానబెట్టో, గుడ్డలో మూటకట్టి ఆవుపాలలో దోలాయంత్రం పద్ధతిలో ఉడికించో శుద్ధి చేసిన తర్వాతే మందులో కలపమన్నారు. ఉబ్బసానికిచ్చే కనకాసవంలో ఉమ్మెత్త ఉంటుంది, దాంతోపాటు అడ్డసరం, పిప్పళ్ళు, శొంఠి, నేలములక కూడా. ఈ నేలములక కూడా వంకాయ కుటుంబంలోదే. 1945 డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఇ(1) అని ఒక పట్టిక ఉంది, ఆయుర్వేదంలో వాడే విష ద్రవ్యాల పట్టిక. ఉమ్మెత్త అందులో ఉంది. దాన్ని కలిపిన మందు సీసా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. ఇంటి పొయ్యి మీద కాచేటప్పటికి శుద్ధి పోయింది, కొలత పోయింది, హెచ్చరిక పోయింది. ఆకు పేరూ రోగం పేరూ రెండే మిగిలాయి. ఇలాంటి కేసు వచ్చినప్పుడల్లా "నాటు వైద్యం" అని ఈసడించే మా వాళ్ళంటే నాకు చిరాకు. నాటు వైద్యుడి చేతిలో ఉన్న జాగ్రత్తలేవీ ఈ గ్లాసులో లేవు.

ఒక వాడకం గురించి మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. పిచ్చికుక్క కరిస్తే ఉమ్మెత్త మింగించడం. సుశ్రుతుడు తన సంహితలో విషవైద్యం చెప్పే కల్పస్థానంలో రాశాడని పెద్దలు చెప్తారు, రాసిన మాట నిజమే. ఆ కాలంలో వేరే దారి లేదు. ఇవాళ రేబీస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు. కరిచిన చోటును సబ్బుతో పావుగంట కడిగి ఆ రోజే పోవాలి. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు ఏ వైద్యంలోనూ లేదు. ఉమ్మెత్త తిన్న మనిషి మతి తప్పి, రెండు రోజులకు తేరుకుంటే, పిచ్చి పట్టి దిగిపోయిందని, ఇక టీకా అక్కర్లేదని ఇంటివాళ్ళు నమ్ముతారు.

వినాయక చవితి 21 పత్రిలో హరసూనవే నమః అని పెట్టేది దత్తూర పత్రం, గణాధిపాయ నమః అని పెట్టేది బృహతీ పత్రం, అంటే ములక. రెండూ ఈ కుటుంబంవే. పూజయ్యాక పత్రిని పిల్లలకు అందే చోట పడేయకుండా తీసేస్తే చాలు. గింజల మాట ఇంకోటి. ఉమ్మెత్త గింజ మిరప గింజను పోలి ఉంటుంది, కళ్ళాల్లో కలిసిపోవచ్చు. మిరప గింజ పలచగా, పసుపుగా, ఘాటుగా ఉంటుంది. ఉమ్మెత్త గింజ దానికంటే పెద్దది, మందం, గోధుమ రంగు, మూత్రపిండం ఆకారం, వాసన ఉండదు, కొరికితే చేదు. వాంతిలో గింజలు కనిపిస్తే కడిగి ఒక డబ్బీలో వేసి పెట్టమని సిస్టర్లకు చెప్పి ఉంచాం.

అసలు ఆయన కషాయం దాకా ఎందుకొచ్చాడు

ఇంటికి పంపే ముందు, ఇదివరకు వాడిన మందులన్నీ తెచ్చి చూపించమన్నాను. కొడుకు ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చి మంచం మీద బోర్లించాడు. అందులో రోటాక్యాప్ డబ్బీలు రెండున్నాయి, బుడెసోనైడ్, ఫార్మోటెరాల్ కలిసినవి. ఉబ్బసానికి రాయాల్సిన మందే, సరిగ్గానే రాశారు. రోజూ వాడినావా పెద్దాయనా అంటే, "ఒక్క పూట తప్పలేదు సారూ, పొద్దున ఒకటి, రాత్రికొకటి నీళ్ళతో మింగినా" అన్నాడు. ఆ క్యాప్సూల్‌ను పీల్చే గొట్టం అట్టపెట్టెలోనే ఉంది, దాని మీది ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. అదేదో డబ్బాతోపాటు ఇచ్చిన బొమ్మ అనుకున్నారట ఇంట్లో. పొడి ఊపిరితిత్తులకు చేరాల్సింది కడుపుకు చేరింది. రెండు నెలలు మింగినా ఆయాసం తగ్గలేదు, ఇంగ్లీషు మందు మన ఒంటికి పడదని తేల్చుకున్నారు. బంధువుల పెళ్ళిలో ఎవరో ఉమ్మెత్త పేరు చెప్పారు, మామ సంగతి గుర్తొచ్చింది.

ఈ కేసులో నాకు విషం కంటే ఈ గొట్టం పెద్ద విషయం. రాసిచ్చినవాళ్ళు చూపించలేదు, మందుల షాపులో చూపించలేదు, రెండోసారి పోయినప్పుడు ఎలా వాడుతున్నావో చేసి చూపించమని ఎవరూ అడగలేదు. మా దగ్గర కూడా రద్దీ రోజుల్లో ఈ పనికి అర నిమిషం దొరకదు. అందుకే ఇప్పుడు ఆ పని ఫార్మసీ కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయికి అప్పజెప్పాం. ఖాళీ క్యాప్సూల్ పెట్టి, గొట్టం తిప్పి, ఊపిరంతా బయటికి వదిలి, గట్టిగా లోపలికి పీల్చి, పది లెక్కబెట్టేదాకా పట్టి ఉంచి, తర్వాత నోరు పుక్కిలించడం. రోగి తను చేసి చూపిస్తేనే కవర్ చేతికిస్తుంది.

ఈయనకు ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ చేస్తే ఎఫ్ఈవీ1, అంటే మొదటి సెకనులో ఊదగలిగే గాలి, ఉండాల్సినదాంట్లో 54 శాతం, గొట్టాలు విచ్చే సాల్బుటమాల్ పీల్చాక 68. బీడీల ప్రభావం కొంత ఉన్నా, తిరిగి విచ్చుకునే ఉబ్బసం బాగానే ఉంది. అదే రోటాక్యాప్ కొనసాగించాం, ఈసారి గొట్టంతో. టయోట్రోపియం కూడా మంచి మందే, కానీ అదీ ఉమ్మెత్త దారిలోదే. ప్రోస్టేట్, కళ్ళు కుదుటపడేదాకా ఆపాను. శెనక్కాయ దుమ్ములో పనిచేసే రోజుల్లో ముక్కుకూ నోటికీ తడి తువ్వాలు కట్టుకోమని, వీలైతే మిషన్‌కు గాలి వాలున నిలబడొద్దని చెప్పాం. మూడు నెలల తర్వాత వచ్చినప్పుడు రాత్రి కూతలు లేవు, ఎఫ్ఈవీ1 71 దగ్గర నిలబడింది.

ఆ రోజు భార్య కూడా వచ్చింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చజేసి కట్టుకోవడం ఆమెకు ఎన్నో ఏళ్ళ అలవాటు. అది కూడా మానేయాలా సార్ అని అడిగింది. పుండూ పగులూ లేని తోలు మీద రాత్రి పూట కట్టుకుని పొద్దున తీసేస్తే అభ్యంతరం లేదన్నాను. తోలు చిట్లి ఉంటే మాత్రం కట్టొద్దు, లోపలికి ఎక్కువగా పోతుంది. ఆకు ముట్టుకున్న చేతిని సబ్బుతో కడగకుండా కంట్లో పెట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాను. పెట్టుకుంటే ఆ ఒక్క కంటిపాపే విచ్చుకుని, రెండు రోజులు అలాగే ఉంటుంది. ఆ కన్ను చూసి మెదడులో రక్తం గడ్డకట్టిందేమోనని ఎవరో ఒకరు సీటీకి పంపిస్తారు.